ట్రంకు పెట్టె కొనే రోజున కెమెరా ఎక్కడుండాలి: కెన్యా పల్లెబడి మీద డాక్యుమెంటరీ తీసేవారికి

"ఆఫ్రికా పల్లెల్లో చదువు బతుకుల్ని మారుస్తోంది" అనే ఒక్క వాక్యం పట్టుకుని విమానం ఎక్కితే, వెనక్కి తెచ్చేది చేతులూపుతూ నవ్వే పిల్లల గుంపును మాత్రమే. ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి. ఒక దేశం, అందులో ఒక జిల్లా, ఒక బడి, ఒక ఇల్లు తేలేదాకా కథ మొదలైనట్టు కాదు. ఇక్కడ పశ్చిమ కెన్యాను తీసుకుంటున్నాం. కకమెగా, విహిగా, సియాయా, బుసియా కౌంటీల (మన జిల్లాల్లాంటివి) వైపు పల్లెలు. ముగ్గురి బృందం, ఏడాది వ్యవధిలో 30 షూటింగ్ రోజులు, చివరికి 52 నిమిషాల సినిమా. ఈ లెక్క మీదే కింద చెప్పేదంతా.

మార్పు అనేది కెమెరాకు నేరుగా కనపడదు. కనపడేవి వేరే: ఫీజు రసీదు, హాజరుపట్టీ, రాత్రి దీపం ఎవరి ముందు పెట్టారు, పొద్దున్నే నీళ్ల డబ్బా ఎవరు మోశారు. వీటిని మొదటిసారి వెళ్లినప్పుడు తీయాలి, ఏడాది తర్వాత మళ్లీ వెళ్లి అవే తీయాలి. రెండిటికీ మధ్య తేడానే మీ సినిమా. ఒకే విడతలో పదిరోజుల్లో తీసినదాంట్లో ఆ తేడా ఉండదు కాబట్టి, దాన్ని వ్యాఖ్యానంతో పూడ్చాల్సి వస్తుంది. ప్రేక్షకుడు నమ్మడు.

కథ ఏ మలుపు దగ్గర ఉంది

కెన్యాలో 2003 జనవరిలో ప్రాథమిక విద్యకు ఫీజులు ఎత్తేశారు. 2002లో 59 లక్షలున్న ప్రాథమిక విద్యార్థుల సంఖ్య ఒక్క ఏడాదిలో 72 లక్షలకు చేరింది. 84 ఏళ్ల కిమాని మరుగె ఎల్డొరెట్ దగ్గర ఒకటో తరగతిలో చేరింది ఆ తర్వాతి ఏడాది, 2004లో. ఆ కథ ప్రపంచమంతా ఇప్పటికే విన్నది. పిల్లలు బడి గేటు దాటడం ఇప్పుడు అక్కడ వార్త కాదు. అసలు ఇరుకు తొమ్మిదో తరగతి తర్వాత వస్తుంది.

అందుకే అక్కడి చదువుల పద్ధతి మీకు కంఠతా రావాలి. 1985 నుంచి నడిచిన 8-4-4 పద్ధతి పోయి, 2-6-3-3-3 వచ్చింది: రెండేళ్లు పూర్వ ప్రాథమికం, ఆరేళ్లు ప్రాథమికం, మూడేళ్లు జూనియర్ స్కూలు, మూడేళ్లు సీనియర్ స్కూలు, ఆపైన కనీసం మూడేళ్లు. ఎనిమిదో తరగతి చివర పెట్టే కేసీపీఈ పరీక్ష 2023తో ఆగిపోయింది. తొమ్మిది చివర కేజేఎస్ఈఏ అనే కొత్త పరీక్ష 2025లో మొదటిసారి జరిగింది, ఆ పిల్లలే 2026 జనవరిలో పదో తరగతికి, అంటే సీనియర్ స్కూలుకు వెళ్లారు. జూనియర్ స్కూలు ఊళ్లోని ప్రాథమిక బడి ఆవరణలోనే ఉంటుంది. సీనియర్ స్కూలు చాలాసార్లు దూరం, బోర్డింగ్ అయితే డబ్బు. ప్రభుత్వం సెకండరీ విద్యార్థికి ఏటా 22,244 షిల్లింగుల లెక్కన కేటాయిస్తూ వచ్చింది, కానీ జాతీయ స్థాయి బోర్డింగ్ బడుల్లో ఇంటివాళ్లు కట్టాల్సిన ఫీజు ఏళ్లపాటు 53,554 షిల్లింగులు. యూనిఫాం, పరుపు, పెట్టె దీనికి అదనం. ఎకరం లోపు మొక్కజొన్న చేనున్న ఇంటికి ఇది ఎంత బరువో లెక్క వేసుకోండి. మీ సినిమా నడుం ఇక్కడుంది.

మనుషుల్ని ఎంచుకోవడం

హెడ్‌మాస్టర్‌ను అడిగితే ఫస్టు వచ్చే పిల్లను పిలుస్తారు. గౌరవంగా మాట్లాడండి, ఆ పిల్లతోనూ ఒక గంట గడపండి, కానీ అక్కడ ఆగకండి. టీచరును పక్కన కూర్చోబెట్టుకుని తొమ్మిదో తరగతి హాజరుపట్టీ చూడండి. కొందరు పిల్లలు ప్రతివారం ఒకే రోజు రారు, ఆ రోజు ఊళ్లో సంత అయి ఉంటుంది. కొందరు మార్చి, ఏప్రిల్‌లో వరసగా రారు, అది పెద్ద వానలకు మొక్కజొన్న వేసే కాలం. కొందరు ఆడపిల్లలు నెలకు మూడు నాలుగు రోజులు రారు. బడిలో ఆడపిల్లలకు శానిటరీ ప్యాడ్లు ఉచితంగా ఇవ్వాలని 2017లో చట్టం వచ్చింది, ఈ బడికి అవి అందుతున్నాయా అన్నది అక్కడే అడగాల్సిన ప్రశ్న. ఆ పట్టీయే మీకు ముగ్గురు నలుగుర్ని చూపిస్తుంది.

వాళ్లలోంచి ఇద్దర్ని తీసుకోండి. ఒకరు పై బడికి వెళ్లే అవకాశం ఉన్నవాళ్లు, ఇంకొకరు వెళ్తారో లేదో తెలియనివాళ్లు. ఫలితం ముందే తెలిసిన మనిషిని తీసుకుంటే ఉత్కంఠ ఉండదు. వాళ్లతో పాటు ఒక తల్లి లేదా అమ్మమ్మ, ఒక టీచరు. నలుగురే చాలు. ఐదో మనిషి వచ్చాడంటే ఎవరి కథా నిండదు.

ఎప్పుడు వెళ్లాలి

కెన్యా బడి ఏడాది జనవరిలో మొదలై అక్టోబరు, నవంబరుకు ముగుస్తుంది. మూడు టర్ములు. పెద్ద వానలు మార్చి నుంచి మే, చిన్న వానలు అక్టోబరు నుంచి డిసెంబరు. విక్టోరియా సరస్సు వైపు మధ్యాహ్నం మూడు దాటాక ఉరుములతో వాన పడటం మామూలు, అందువల్ల బయటి పనులన్నీ మధ్యాహ్నం లోపు పెట్టుకోండి.

మొదట జూన్, జులైలో పది రోజులు పోయి ఊరు చూసి రండి. కెమెరా సంచిలోనే ఉండనివ్వండి. షూటింగు మూడు విడతలు: అక్టోబరు, నవంబరులో 10 రోజులు, డిసెంబరు చివర నుంచి జనవరి మధ్య దాకా 14 రోజులు, మళ్లీ ఆగస్టు సెలవుల్లో 6 రోజులు. మొదటి విడతలో ఒక చిక్కుంది. మూడో టర్ములో పరీక్షల కోసం బడుల్లోకి బయటివాళ్ల రాకను విద్యాశాఖ కట్టడి చేస్తుంది, పరీక్ష గదిలోకి కెమెరా అన్న మాటే లేదు. ఆ పదిరోజులూ ఇంటివైపు తీయండి: తెల్లవారుజామున చదువు, బడికి నడక, పరీక్ష రోజు ఇంట్లో ఉండిపోయిన తల్లి. తరగతి గది దృశ్యాలు కావాలంటే జనవరిలో తీసుకోండి.

కాగితాలు

విదేశీ బృందం కెన్యాలో సినిమా తీయాలంటే ఫిల్మ్ లైసెన్సు కావాలి, దానికి అక్కడ నమోదైన స్థానిక ఏజెంటు ద్వారానే దరఖాస్తు చేయాలి. కథాసారం, బృందం పేర్లు, తీసే చోట్లు, పరికరాల జాబితా సీరియల్ నంబర్లతో సహా ఇవ్వాలి. ఏజెంటుకు కనీసం ఆరు వారాల ముందు ఇవన్నీ పంపండి. 2024 జనవరి నుంచి వీసా బదులు ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి వచ్చింది, కానీ టూరిస్టు అనుమతి మీద దిగి షూటింగు చేయడం కుదరదు. ఆ పనికి వేరే పాసు గురించి ఏజెంటుతోనే మాట్లాడుకోండి. డ్రోను తీసుకెళ్లాలంటే అక్కడి పౌర విమానయాన సంస్థ అనుమతి ముందే చేతిలో ఉండాలి. లేకపోతే విమానాశ్రయంలోనే ఉండిపోతుంది. ఈ సినిమాకు డ్రోను అక్కర్లేదని మా అభిప్రాయం. పై నుంచి చూస్తే పేదరికం అందంగా కనిపిస్తుంది, అంతకుమించి ఏమీ తెలియదు.

లైసెన్సు చేతికొచ్చినా బడి తలుపు తెరుచుకోదు. కౌంటీ విద్యాధికారి, సబ్ కౌంటీ అధికారి, హెడ్‌మాస్టర్, బడి యాజమాన్య బోర్డు, ఈ వరసలో ఉత్తరాలు పట్టుకుని వెళ్లాలి. ఊళ్లో ప్రభుత్వ స్థానిక అధికారులైన చీఫ్‌ను, అసిస్టెంట్ చీఫ్‌ను కలవాలి. వాళ్లు పెట్టే ఊరి సభను బరాజా అంటారు. ఆ సభలో లేచి మీరెవరో, ఏం తీస్తారో, ఎక్కడ చూపిస్తారో, ఎవరికీ డబ్బు ఎందుకివ్వరో పదినిమిషాల్లో చెప్పండి. ఇది చేయని బృందం గురించి "పిల్లల ఫొటోలు అమ్ముకునేవాళ్లు" అన్న మాట మూడోరోజుకే ఊరంతా తిరుగుతుంది.

ఆరోగ్యం సంగతి: కెన్యా నుంచి తిరిగి భారతదేశంలో దిగేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా పత్రం అడుగుతారు. టీకా వేయించుకున్న పదిరోజుల తర్వాతే అది చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. రోజులు ముందే చూసుకోండి, ప్రయాణానికి రెండురోజుల ముందు పరిగెత్తితే పనికిరాదు. ఇది మలేరియా ప్రాంతం, మందు డాక్టర్ని అడిగి వేసుకోండి. ఇంకో చిన్న సంగతి పెద్ద ఇబ్బంది పెడుతుంది: 2017 ఆగస్టు నుంచి కెన్యాలో ప్లాస్టిక్ సంచులు నిషేధం. పరికరాలను పాలిథిన్ కవర్లలో చుట్టి తీసుకెళ్లకండి, గుడ్డ సంచులు, వాటర్‌ప్రూఫ్ డ్రై బ్యాగులు వాడండి.

అంగీకారం ఒక్క సంతకంతో తీరదు

కెన్యా 2019 డేటా రక్షణ చట్టం ప్రకారం పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల లేదా సంరక్షకుల అంగీకారం తప్పనిసరి. చట్టం కోసం ఒక కాగితం చాలు. సినిమా కోసం చాలదు.

మొదటిసారి అడిగేటప్పుడు అంగీకార పత్రం ఇంటివాళ్ల భాషలో చదివించండి, వాళ్లు విన్నట్టు ఆడియో రికార్డు చేయండి. సినిమా అంటే టీవీలో ఒకసారి వచ్చి పోయేది అనుకుంటారు చాలామంది. ఫోనులో యూట్యూబు తెరిచి, "ఇది పదేళ్ల తర్వాత కూడా ఇలాగే ఉంటుంది, ఈ అమ్మాయికి పెళ్లి సంబంధం వచ్చినప్పుడు వాళ్లూ చూస్తారు" అని చూపించి చెప్పండి. ఆ తర్వాత రెండురోజులు గడువిచ్చి మళ్లీ అడగండి. పిల్లను విడిగా, పెద్దవాళ్లు లేనప్పుడు అడగండి. అమ్మ ఒప్పుకున్నా పిల్ల ఒప్పుకోకపోతే మానేయండి. ప్రతి విడతలో కొత్తగా అడగాలి. రఫ్ కట్ (సినిమా తొలి కూర్పు) చూపించినప్పుడు నాలుగోసారి.

చదువు మధ్యలో తల్లి అయిన ఆడపిల్లలు తిరిగి బడిలో చేరడానికి 2020లో కెన్యా విద్యాశాఖ మార్గదర్శకాలు వచ్చాయి, కాబట్టి అలాంటి పిల్లలు మీకు కనపడతారు. వాళ్ల కథ విలువైనదే. ముఖం చూపించకండి. మసకబార్చిన ముఖం నేరస్తుణ్ణి చూపించినట్టుంటుంది, దానికంటే చేతులు, వీపు, పుస్తకం మీద నీడ, గొంతు చాలు. ఊరి పేరు, బడి బోర్డు, యూనిఫాం రంగు కూడా గుర్తుపట్టించేవే అని మరవద్దు.

డబ్బు గురించి ముందే రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూకు డబ్బివ్వడం వద్దు, ఇస్తే జవాబులు కూడా మీకు నచ్చేట్టు వస్తాయి. కానీ కూలిపని మానుకుని మీతో కూర్చున్నవాళ్లకు ఆ రోజు కూలి ఇవ్వడం న్యాయం, అది రసీదు రాసి ఇవ్వండి. బడికి ఏమైనా చేయాలనుకుంటే షూటింగంతా అయ్యాక, యాజమాన్య బోర్డు ద్వారా, నలుగురి ముందు ఇవ్వండి. అన్నిటికంటే కష్టమైన పరిస్థితి ఒకటుంది: మీరు తీస్తున్న పిల్లకే ఫీజు దొరక్క చదువు ఆగిపోబోతుంటే? షూటింగు మధ్యలో మీరు కడితే ఆ క్షణం నుంచి అది మీ కథ అవుతుంది, వాళ్లది కాదు. కట్టకుండా చూస్తూ ఉంటే అదీ తప్పే. మా సలహా: బర్సరీ (ఫీజు సాయం) దరఖాస్తులు ఎవరెవరికి పెట్టాలో మొదటి విడతలోనే ఇంటివాళ్లకు, హెడ్‌మాస్టరుకు తెలిసేట్టు చూడండి. చివరికి ఏ దారీ లేక మీరే కట్టాల్సి వస్తే బడి ఖాతాకు కట్టి, ఆ సంగతి సినిమాలోనే చెప్పండి. దాచడమే తప్పు.

సామాను

ఒకే మోడల్ కెమెరాలు రెండు, ఎడిటింగులో రంగులు కలవాలంటే ఇదే తేలిక. 24-70 జూమ్ ఒకటి, 35 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు ఒకటి, వెలుతురు తగ్గించే వేరియబుల్ ఎన్‌డీ ఫిల్టరు, ట్రైపాడ్, మోనోపాడ్. ఒక షాట్‌గన్ మైకు, రెండు వైర్‌లెస్ కాలర్ మైకులు, 32-బిట్ ఫ్లోట్ రికార్డరు, చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు. తెల్లటి దుప్పటి ఒకటి, నల్లటి గుడ్డ ఒకటి. అక్కడి కరెంటు మనలాగే 50 హెర్ట్జ్, కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 50వ వంతు పెడితే ట్యూబులైట్లు మిణుకుమిణుకుమనవు. ప్లగ్గు మాత్రం మూడు దీర్ఘచతురస్రపు పిన్నుల బ్రిటిష్ రకం, అడాప్టర్లు నాలుగు పెట్టుకోండి.

సెకనుకు 100 మెగాబిట్ల దగ్గర తీస్తే గంటకు 45 జీబీ. రోజుకు రెండు గంటలు అనుకుంటే 90 జీబీ, 30 రోజులకు 2.7 టీబీ. అంటే 4 టీబీ ఎస్‌ఎస్‌డీలు రెండు. ఒకటి మీ సంచిలో, ఒకటి వేరే మనిషి సంచిలో, వేరే గదిలో. కార్డులు ఆ రోజే తుడిచేయకండి. రెండు కాపీలూ తెరిచి చూశాకే.

బడుల్లో కరెంటు ఉంటుంది కానీ తరగతిలో ప్లగ్గు ఉండకపోవచ్చు, ఉండేది హెడ్‌మాస్టర్ గదిలో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన ప్లగ్గు మీద బతకడం మర్యాద కాదు. కెమెరా బ్యాటరీలు ఆరు, విమానంలో చేతి సంచిలో అనుమతించే 100 వాట్ అవర్ల లోపు పవర్‌బ్యాంకులు రెండు (27,000 ఎంఏహెచ్ అంటే దాదాపు ఆ హద్దే). పవర్ స్టేషన్లను, అంటే పెద్ద బ్యాటరీ పెట్టెలను, విమానం ఎక్కనివ్వరు, నైరోబీలో అద్దెకు తీసుకోండి. 100 వాట్ల సోలార్ పలక భూమధ్యరేఖ ఎండలో నష్టాలు పోను రోజుకు 350 వాట్ అవర్ల దాకా ఇస్తుంది, మబ్బు రోజున అందులో మూడోవంతు. ఎర్రమట్టి రోడ్ల ధూళి మీ మొదటి శత్రువు. ఆరుబయట లెన్సు మార్చకండి, కారు అద్దాలు మూసి లోపల మార్చండి.

తరగతి గదిలో వెలుతురు

ముదురు రంగు ముఖం, దాని వెనక భగ్గుమనే కిటికీ, చుట్టూ చీకటి గోడలు. కొత్త బృందాలన్నీ చెడగొట్టుకునేది ఇక్కడే. ఆటో ఎక్స్‌పోజరు పెడితే కిటికీని చూసి కెమెరా అంతా తగ్గించేస్తుంది, ముఖం నల్లటి మరక అవుతుంది. సరే అని ముఖాన్ని బాగా పెంచితే చర్మం బూడిదరంగులోకి పోయి జీవం ఉండదు. రెండూ అవమానమే.

మాన్యువల్ పెట్టండి. మానిటరు చూపించే ప్రకాశం కొలతలో వెలుతురు పడే చెంప 40 నుంచి 50 శాతం మధ్య, నుదుటి మీది మెరుపు 60, 65 దాకా. (లాగ్‌లో, అంటే రంగులు తర్వాత దిద్దుకునే వెలిసిన చిత్రంగా తీస్తుంటే, మానిటరులో మామూలు రంగులు చూపించే రెక్ 709 లట్ వేసుకుని ఈ అంకెలు చూడండి.) కిటికీ తెల్లబడిపోతే పోనివ్వండి. ముదురు చర్మం అందం అది వెలుతురును తిప్పికొట్టే తీరులో ఉంది, అందుకే చిన్న ఎల్‌ఈడీ లైటు నేరుగా వేయకుండా, వెడల్పైన మెత్తటి వెలుతురు పక్కనుంచి పడేట్టు చూడండి. కిటికీకి 45 డిగ్రీల కోణంలో ఉన్న బెంచీ మీది పిల్లను తీయండి, అవతలి వైపు గోడకు తెల్లదుప్పటి కట్టండి. అదే మీ లైటింగు. బెంచీలు జరపమని టీచరును అడగకండి, ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారన్నది కూడా కథే.

కెమెరా ఎత్తు కూర్చున్న పిల్ల కంటికి సమంగా, నేల నుంచి 90 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. నిలబడి పై నుంచి తీస్తే ప్రతి పిల్లా దీనంగా కనపడుతుంది. మొదటి రెండురోజులు తరగతి వెనక కెమెరాతో కూర్చోండి, రికార్డు చేయకుండా. విరామంలో పిల్లల్ని మానిటరులోకి చూడనివ్వండి. మూడోరోజుకు వాళ్లకు మీ మీద ఆసక్తి పోతుంది, మీ పని అప్పుడు మొదలు.

బయట మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, కళ్లు గుంటల్లా పడతాయి. 11 నుంచి 3 దాకా మామిడి చెట్టు కిందో వసారాలోనో ఉండండి. ఏడాదంతా పగలు దాదాపు 12 గంటలే. సాయంత్రం సూర్యుడు మునిగాక తీయగలిగే వెలుతురు ఇరవై నిమిషాలకు మించదు.

రాత్రి చదువు దృశ్యానికి వేరే లైటు పెట్టకండి. కొరొబోయి అనే రేకు కిరోసిన్ బుడ్డి గానీ సోలార్ లాంతరు గానీ, ఏదుంటే అది. 35 మిల్లీమీటర్ల లెన్సు, ఎఫ్ 1.8, ఐఎస్ఓ 3200 నుంచి 6400. కెమెరా నోటుపుస్తకం ఎత్తులో పెట్టి చూడండి: రాస్తున్న చేతి నీడ సరిగ్గా రాయబోయే గీత మీద పడుతుంటుంది. పిల్ల దీపాన్ని ఎడమవైపుకు జరుపుతుంది, పక్కనే అన్నం తింటున్న తమ్ముడు చీకట్లోకి పోతాడు. ఎవరూ ఏమీ అనరు. దీన్ని మాటల్లో చెప్పించాల్సిన పనిలేదు.

రేకుల కప్పు కింద శబ్దం

కెన్యా పల్లెబడుల కప్పు మబాటి, అంటే ముడతల రేకు. వాన పడితే టీచరే పాఠం ఆపేస్తారు, మీ మైకు సంగతి చెప్పక్కర్లేదు. వాన లేకపోయినా పొద్దున ఎండెక్కుతున్నకొద్దీ రేకు సాగుతూ మేకుల దగ్గర టక్ టక్ మంటుంది. హెడ్‌ఫోన్లు లేకుండా వింటే తెలియదు, ఎడిటింగులో మాత్రం ప్రతి మాట మధ్యా ఉంటుంది. కూర్చుని మాట్లాడే ఇంటర్వ్యూలు రేకు కింద తొమ్మిదింటికి, పదింటికి పెట్టకండి. గడ్డికప్పు వంటిల్లు గానీ చెట్టు నీడ గానీ మేలు. గదిలోనే తప్పనిసరైతే గచ్చునేల మీద, ఎదురు గోడకు దుప్పట్లు వేస్తే ప్రతిధ్వని తగ్గుతుంది.

కాలర్ మైకు విషయంలో ఒక జాగ్రత్త. అక్కడి యూనిఫాంలో స్వెటరు ఉంటుంది. స్వెటరు మీద పెట్టిన మైకు కదిలినప్పుడల్లా గరగరమంటుంది. లోపలి చొక్కా కాలరు కింద, టేపుతో రెండు వైపులా అంటించి, వైరుకు చిన్న మెలిక వదలండి. ఆడపిల్లలకు వాళ్ల అమ్మో టీచరమ్మో మైకు పెట్టాలి, మీరు కాదు. షాట్‌గన్ మైకు నోటికి అరమీటరు లోపు. సగటు స్థాయి మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర, ఎక్కువైనప్పుడు మైనస్ 12. ప్రతి చోటా ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఖాళీ శబ్దం తీసుకోండి.

ఏ భాషలో అడగాలి

బడిలో ఇంగ్లిష్, బజారులో స్వాహిలి, ఇంట్లో అమ్మభాష. ఇంగ్లిష్‌లో అడిగితే పిల్లలు లేచి నిలబడి పాఠం అప్పజెబుతారు. విహిగాలో ఇంటిభాష మరగోలి, సియాయాలో లువో. ఇవి రెండు వేరువేరు భాషా కుటుంబాలవి. "పశ్చిమ కెన్యా అనువాదకుడు" అని ఒకర్ని తీసుకుంటే సగం ఊళ్లలో పనికిరాడు. ఆ ఊరి యాస తెలిసిన మనిషిని, వీలైతే మహిళను తీసుకోండి.

ప్రతి వాక్యానికీ ఆపి అనువదించొద్దు, మాట తెగిపోతుంది. ప్రశ్నలు అనువాదకురాలితో ముందురాత్రే మాట్లాడుకోండి, ఐదారు నిమిషాలు ఆమెనే నడపనివ్వండి, ఆగినప్పుడు సారం వినండి. "చదువు నీ జీవితాన్ని ఎలా మార్చింది?" అని మాత్రం అడగకండి. దానికి వచ్చే జవాబు దాతలకు చెప్పి చెప్పి అరిగిపోయినది. "ఈరోజు లేవగానే ఏం చేశావు?", "కిందటి టర్ము ఫీజు ఎవరు, ఎలా కట్టారు, రసీదు ఉందా?", "నువ్వు బడికి పోయాక ఆవును ఎవరు చూస్తారు?" అని అడగండి. ఫీజు చాలా ఇళ్లలో ఎంపెసాలో, అంటే ఫోనులో డబ్బు పంపే పద్ధతిలో, వాయిదాలుగా పోతుంది. ఆ ఫోను సందేశాలే ఇంటి ఆదాయవ్యయాల పుస్తకం. తెర వెలుగు సగానికి తగ్గించి దగ్గరగా తీయండి, ఫోను నంబర్లు ఎడిటింగులో కప్పేయండి.

పెట్టె కొనే రోజు

డిసెంబరులో ఫలితాలు, ఆ వెంటనే ఏ సీనియర్ స్కూలో తెలుస్తుంది. చేరిక ఉత్తరంతో పాటు కొనాల్సిన వస్తువుల జాబితా వస్తుంది: పరుపు, దుప్పటి, బూట్లు, సబ్బులు, పళ్లెం, మగ్గు, డిక్షనరీ, తాళం, రేకుపెట్టె. మన హాస్టలు పిల్లల ట్రంకు పెట్టె ఎలా ఉండేదో అదే పెట్టె. మొత్తం సినిమాలో ఒక్క రోజుకే రెండు కెమెరాలూ బయటికి తీయాలంటే ఈ రోజుకు తీయండి.

సంతలో కెమెరా కనపడితే ధర పెరుగుతుంది, ఆ భారం ఆ తల్లి మీద పడుతుంది. అందుకని ముందురోజే పెట్టెలు చేసే కమ్మరి దగ్గరకు వెళ్లి అనుమతి అడగండి, మామూలు ధర ఎంతో కనుక్కోండి. మైకు ఇంటి దగ్గరే తల్లికి పెట్టేయండి. ఒక కెమెరా రోడ్డు అవతల నుంచి 70 మిల్లీమీటర్ల వైపు, ఇంకోటి జాబితా పట్టుకున్న చేతికి దగ్గరగా. కమ్మరి సుత్తి దెబ్బకు శబ్దం పగిలిపోతుంది, గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే స్థాయి) ముందే తగ్గించండి. జాబితాలో దేనికి టిక్ పడింది, దేన్ని దాటేశారు, డిక్షనరీ దగ్గర వేలు ఎంతసేపు ఆగింది, ఇవన్నీ ఆపకుండా తీయాలి. మళ్లీ చేయమని ఎవర్నీ అడగొద్దు. పెట్టె మూత మీద పేరు రాయించేటప్పుడు పిల్ల ముఖం తీయాలనిపిస్తుంది. ఆ పేరు వైపే ఉంచండి, ముఖం తర్వాత ఎలాగూ వస్తుంది. రెండో పిల్ల ఇంట్లో అదే రోజు ఏం జరిగిందో మరుసటిరోజు తప్పకుండా తీయండి.

ఆగస్టులో తిరిగి వెళ్లినప్పుడు సెలవులకు వచ్చిన పిల్ల ఇంటర్వ్యూ కంటే ముందు ఇంటి పొద్దుటి పనులు తీయండి. ఆమె ఉన్నప్పుడు 20 లీటర్ల నీళ్ల డబ్బా ఆమె మోసేది. బోర్డింగుకు పోయిన ఏడు నెలలూ ఎవరు మోశారు? చాలా ఇళ్లలో చెల్లెలు. ఆ చెల్లెలి హాజరుపట్టీ మళ్లీ చూడండి. చదువు తెచ్చిన మేలును చూపించే సినిమా, ఆ మేలుకు ఇంట్లో ఎవరు ఏం కట్టారో కూడా చూపించాలి.

ఎడిటింగు, సబ్‌టైటిల్స్

ప్రతి ఇంటర్వ్యూనూ ఆ వారంలోనే రాతలోకి మార్పించండి. ఆరునెలల తర్వాత అనువాదకురాలికి కూడా ఆ మాట సందర్భం గుర్తుండదు. 60 గంటల ఫుటేజీని నేరుగా టైమ్‌లైన్ మీద పెట్టకుండా, ముందు కాగితాల మీద దృశ్యాలు రాసి గోడకు అంటించి వరస మార్చుకోండి. ఎక్కడి సంగీతమో తెచ్చి డోలు దరువు వేయకండి. బడి ప్రార్థన, చర్చి పాట అక్కడే తీసి ఉంటారు, పాడినవాళ్లను అడిగి వాడుకోండి.

తెలుగు సబ్‌టైటిల్స్‌కు రెండు వరసలు, వరసకు 32 అక్షరాలు మించకుండా. మన వత్తులు కిందికి, గుడులు పైకి పోతాయి కాబట్టి వరసల మధ్య ఎడం ఇంగ్లిష్‌కంటే ఎక్కువ పెట్టాలి. ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తుంటే గ్రాఫిక్స్ ప్రిఫరెన్సెస్‌లో టెక్స్ట్ ఇంజిన్‌ను దక్షిణాసియా, మధ్యప్రాచ్య భాషలదానికి మార్చండి, లేకపోతే వత్తులు విడిపోతాయి. "శాస్త్రం", "స్వాతంత్ర్యం", "కష్టార్జితం" టైపు చేసి చూస్తే వెంటనే తెలుస్తుంది. లువో నుంచి ఇంగ్లిష్‌కు, ఇంగ్లిష్ నుంచి తెలుగుకు వచ్చేసరికి మాట ఎండిపోతుంది. ఒక్కో ముఖ్యమైన వాక్యానికి అనువాదకురాలితో ఫోనులో "ఇలా ఎవరు, ఎప్పుడు అంటారు?" అని అడిగి, దానికి సరిపడే తెలుగు పలుకుబడి వెతకండి. మ్వాలిము (స్వాహిలిలో టీచరు) అన్న పిలుపును "ఉపాధ్యాయుడా" అని రాస్తే నవ్వొస్తుంది, "సార్", "టీచర్" అని రాయండి.

రఫ్ కట్ పూర్తయ్యాక ముందు చూడాల్సింది ఆ రెండు కుటుంబాలు. చిన్న ప్రొజెక్టరు, మీ తెల్లదుప్పటి, పవర్ స్టేషను తీసుకుని సాయంత్రం ఏడు తర్వాత వాళ్లింట్లోనే వేయండి, బడిలో కాదు. నలుగురి ముందు వద్దని చెప్పడం వాళ్లకు కష్టం. పక్కన నోటుపుస్తకంతో అనువాదకురాలు కూర్చోవాలి. తల తిప్పుకున్న చోటు, నవ్విన చోటు, "ఇది అలా కాదు" అన్న చోటు టైమ్‌కోడ్‌తో రాసుకోవాలి. తీసేయమన్నవి తీసేసి, తప్పన్నవి సరిచేసి, మారిన కాపీని పెన్‌డ్రైవులో వాళ్లకు పంపి, వాళ్లు సరేనన్నాకే రంగులు సరిదిద్దే పని మొదలుపెట్టండి.